నలిగినవి తొమ్మిది

నా పని కోయడం. ఎలుక వృషణాన్ని బయటికి తీసి, మైనంలో బిగించి, వెంట్రుక కంటే పది రెట్లు పలచగా పొరలు కోసి, గాజు పలకల మీద పరిచి, రంగు పట్టించి పైవాళ్ళకి ఇస్తాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే గది, అదే కిటికీ, అదే యంత్రం. చదివింది ఏడో తరగతి, మా ఊరి బడిలో. అక్కడ నేర్చుకున్నది చదవడం, రాయడం, కొడతానంటే చెయ్యి చాపడం. సంస్థలో అందరూ నన్ను మేస్త్రీ అంటారు. పేరు వెనక నాలుగేసి డిగ్రీలు ఉన్నవాళ్ళు కూడా నేను కోసి ఇచ్చిందే చూస్తారు. నేను ఇవ్వనిది వాళ్ళకి కనబడదు.

వృషణం లోపల సన్నని గొట్టాలు దారపు ఉండలా చుట్టుకుని ఉంటాయి. అడ్డంగా కోస్తే ఒక్కో గొట్టం ఒక గుండ్రని గదిలా కనబడుతుంది. గోడని ఆనుకుని పెద్ద కణాలు నిలబడి ఉంటాయి, నడిమి దాకా చేతులు చాచి. వాటిని దాది కణాలంటాం. ఆ చేతుల మధ్య బీజకణాలు పెరుగుతాయి. గోడ దగ్గర పుట్టి, నడిమికి జరుగుతూ, మొదట గుండ్రంగా, తర్వాత సాగి, చివరికి తోక మొలిచి. తోక మొలిచాకే దాది వదలాలి. అంతదాకా జారిపోకుండా దాది ఒంటి మీదా బీజకణం ఒంటి మీదా కొక్కేల్లాంటి ప్రోటీన్లు ఉంటాయి. ఇటు కొక్కెం, అటు కొక్కెం తగులుకుంటాయి. వాటికి క్యాడెరిన్ అనీ నెక్టిన్ అనీ పేర్లున్నాయి. మేడం అతుకు అణువులు అంటుంది. నేను కొక్కేలనే అంటాను.

మేడం మా డైరెక్టరు. ఆ కొక్కేలని సడలించే మాత్ర ఆవిడ కనిపెట్టింది. మగవాడు మింగితే బీజకణాలు గుండ్రంగా ఉన్నప్పుడే, తోక రాకముందే రాలిపోతాయి. రాలినవి ఎందుకూ కొరగావు. ఆపేస్తే కొక్కేలు తిరిగి మొలవాలి, అన్నీ మామూలు కావాలి. మొలుస్తాయా లేదా అన్నది చూడటానికి మూడేళ్ళ కిందట ఇరవై నాలుగు ఎలుకలకి మూడు నెలలు మాత్ర పెట్టి, ఆపి, నాలుగు నెలలు ఆగి, నాకు ఇచ్చారు.

ఈ పనిలో ఒక దోషం ఉంది. వృషణాన్ని బయటికి తీసేటప్పుడు వేళ్ళు కాస్త బిగిసినా లోపల కణాలు గోడ వదిలి రాలిపోతాయి. పలక మీద చూస్తే గొట్టం నడుమ గుండ్రని కణాల కుప్ప కనబడుతుంది. నాకు పని నేర్పిన పెద్దాయన అలాంటి పలక చూస్తే వేళ్ళ కణుపుల మీద స్కేలుతో కొట్టేవాడు. "పిండావురా. నిమ్మకాయ అనుకున్నావా?" అనేవాడు. నలిగిన ముక్క పైవాళ్ళ బల్ల మీదికి పోకూడదు. అది ఆయన పెట్టిన కట్టుబాటు, ఆయన పోయాక నాది. ఒకటి నలిగితే అదే ఎలుకది రెండోది కోస్తాను. అదీ నలిగి ఉంటే పుస్తకంలో "నలిగింది" అని రాసి సంతకం పెట్టి, మైనం దిమ్మని పక్క అరలో పడేస్తాను. పలకని ఆమ్లంలో వేసి కడుగుతాను. ఆ ఎలుక లేనట్టే.

ఏడాదికి ఒకటో రెండో నలిగేవి. ఆ వారం ఇరవై నాలుగింట్లో తొమ్మిది నలిగాయి.

నేను ఆశ్చర్యపోలేదు. అంతకు పది రోజుల ముందు నా భార్య పోయింది. కడుపులో గడ్డ. గ్యాసు అని ఆరు నెలలు మందులు రాసిన డాక్టరు చివర్లో నవ్వుతూ భుజం తట్టాడు. ఆ నవ్వు నాకు గుర్తుంది. ఉంటుంది. నాలుగో రోజుకే పనిలోకి వచ్చేశాను. ఇంట్లో ఉంటే గుమ్మం దగ్గర ఆమె చెప్పులు కనబడేవి, తీసే ఓపిక లేదు. టీ గ్లాసు పట్టుకుంటే తొణికేది. కాబట్టి నలిగాయంటే నా చేతులే అనుకున్నాను. వేరే అనుమానం రాలేదు. పదిహేను మంచివి పైకి పంపాను. పదిహేనింట్లోనూ గొట్టాలు తోకలతో కిక్కిరిసి ఉన్నాయి. మేడం తన గది నుంచి దిగి వచ్చింది.

"ఇంత దుఃఖంలోనూ ఎంత శుభ్రంగా కోశారు మేస్త్రీ," అంది.

ఆ మాటకి పొంగిపోయాను. దాచను.

ఆ మరుసటి ఏడు మా అమ్మాయికి గుండె కవాటం మార్చారు. ఒక్కతే కూతురు. పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు. ఏడాది దాకా కడుపు రాకూడదు, వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు అని గుండె డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు. ఆడవాళ్ళ మాత్రలు ఆమె రక్తానికి పడవు. సరిగ్గా అప్పుడే మా సంస్థలో మొదటిసారి మగవాళ్ళకి మాత్ర ఇవ్వడానికి నలభై మందిని వెతుకుతున్నారు.

అల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు. నెమ్మదస్తుడు. వాళ్ళ వంటగదిలో కూర్చోబెట్టి చెప్పాను.

"వద్దులే మామయ్యా. జాగ్రత్తగా ఉంటాం. చిన్నపిల్లలమా?"

"నీ జాగ్రత్త చూశాను. లిఫ్టు పైన పానా మర్చిపోయి కిందికి దిగొచ్చావు."

"అది ఒక్కసారే కదా."

"దీనికీ ఒక్కసారి చాలు."

అమ్మాయి పడీపడీ నవ్వింది. కుట్లు లాగి వెంటనే ఛాతీ పట్టుకుంది. అది చూసి అల్లుడు మెత్తబడ్డాడు.

"ఆపేశాక మళ్ళీ మామూలవుతుందా? సంస్థ కాగితాల్లో రాసింది కాదు, మీరు చెప్పండి."

"నేనే కోశాను. నాలుగు నెలలకి గొట్టాలు నిండిపోయాయి. కళ్ళారా చూశాను."

"నాన్న చూశానంటే ఇంక అడగక్కర్లేదు," అంది అమ్మాయి.

ఏడాది మింగాడు. ఒక్క పూట తప్పలేదు. ఆపి ఇప్పటికి పది నెలలు.

ఈ పది నెలల మొదట్లోనే గుండె డాక్టరు ఇంకో మాట చెప్పాడు. ఇప్పుడు మోయగలదు, ఏడాది లోపల అయితేనే. కొత్త కవాటం ఒక పక్క బిగుసుకుంటోంది, ఆ తర్వాత తను ఒప్పుకోనన్నాడు. రక్తం గడ్డకట్టకుండా ఆమె మింగే మాత్ర కడుపులో బిడ్డకి విషం. అందుకని మాత్ర మాన్పించి రోజుకి రెండు ఇంజెక్షన్లు పెట్టాడు. తనే పొట్టలో పొడుచుకుంటుంది. పొట్టంతా ఊదారంగు మచ్చలు. ఎప్పుడో కడుపు పండుతుందని ఇప్పటి నుంచే పొడుచుకోవాలి. నెలనెలా ఏమీ లేదు. అల్లుడి తల్లి ఫోన్ చేసి, మాటలో మాటగా, తమ వంశంలో ఇలాంటిది లేదని అంటుంది.

అల్లుడు సంస్థకి వెళ్ళి వీర్యకణాల లెక్క చూపించుకుంటూనే ఉన్నాడు. లెక్క చూసే గదిలో వాళ్ళు అంకె తప్ప ఏమీ చెప్పరు. ఇంకా తక్కువ, ఆలస్యమవుతోంది, వచ్చే నెల రండి. ఒకసారి వరండాలో నన్ను ఆపి, "మామయ్యా, మీరొకసారి చూడకూడదా?" అని నేల చూస్తూ అడిగాడు. అల్లుడిది నేనెలా చూస్తాను. సిగ్గుండక్కర్లేదా అన్నాను. మళ్ళీ అడగలేదు.

ఈ ఏడాది చివర నాకు రిటైర్మెంటు. నా కుర్చీకి ఒక అమ్మాయిని తెచ్చారు. కళ్ళజోడు అని పిలుస్తాను, ముఖం మీదే. కొక్కేలకి గోధుమ రంగు పట్టించే పద్ధతి వేరే చోట నేర్చుకుని వచ్చింది. మేడం ఆమెకి పాత దిమ్మలన్నీ అప్పగించి, కొక్కేలు తిరిగి మొలిచిన బొమ్మలు అందంగా తీయమంది. వచ్చే సోమవారం నుంచి రెండు వందల మంది మగవాళ్ళకి మాత్ర మొదలుపెడుతున్నారు. వాళ్ళకి చూపించడానికి.

మంగళవారం పదకొండు గంటలకి కళ్ళజోడు నా బల్ల పక్కన వచ్చి నిలబడింది.

"మేస్త్రీ గారూ, కోపం రాదంటే ఒకటి అడుగుతా."

"వస్తుంది. అడుగు."

"ఆ తొమ్మిది దిమ్మలు పక్క అరలో ఎందుకున్నాయి?"

"నలిగాయి. పుస్తకంలో ఉంది. చదవడం వచ్చుగా నీకు."

"చదివాను. ఆ వారం మీ చేతులు వణికాయని అందరూ చెబుతున్నారు. కానీ ఆ వారం మీ రాత చూస్తే అచ్చు వేసినట్టుంది. ఒక్క గీత కూడా పక్కకి పోలేదు."

"రాయడం వేరు, పట్టుకోవడం వేరు."

"అయ్యుండొచ్చు. ఒక్క నిమిషం రండి. తిట్టేది చూశాక తిడుదురు గానీ."

ఆమె మైక్రోస్కోపు కింద రెండు పలకలు పెట్టి ఉంది. మొదటిది చూడమంది.

"ఇది పొద్దున నేను కావాలని పిండింది. మందూ మాకూ లేని ఎలుకది."

గొట్టం నడుమ కణాల కుప్ప. రాలిన ప్రతి కణం అంచునా గోధుమ రంగు పీలికలు వేలాడుతున్నాయి. దాది చేతుల మీదా అవే పీలికలు. తగులుకున్న కొక్కేలని బలవంతంగా లాగితే అటు సగం, ఇటు సగం తెగాయి. పిండితే అలాగే అవుతుంది. అవ్వాలి.

"ఇది మీ తొమ్మిదింట్లో నాలుగోది," అని పలక మార్చింది.

కణాల కుప్ప అలాగే ఉంది. గోధుమ రంగు లేదు. రాలిన కణాల అంచులు నున్నగా ఉన్నాయి, గుండు గీసినట్టు. దాది చేతులూ నున్నగా ఉన్నాయి. పక్క గొట్టానికి జరిపాను. అక్కడ కుప్ప కూడా లేదు. దాదులు చేతులు చాచుకుని నిలబడి ఉన్నాయి, పట్టుకోవడానికి ఎవరూ లేరు.

"రంగు సరిగ్గా పట్టి ఉండదు," అన్నాను.

"అదే పలక మీద మూలన రక్తనాళం ఉంది, చూడండి. దాని గోడకి ఎంత చక్కగా పట్టిందో. రంగుది తప్పు కాదు." తర్వాత నెమ్మదిగా అంది. "ఇవి తెగినవి కావు మేస్త్రీ గారూ. మళ్ళీ మొలవనేలేదు."

"ఆ ఎలుకకి మందు ఆపి నాలుగు నెలలయింది."

"నేననేదీ అదే."

కుర్చీలో వెనక్కి వాలాను. ఆమె నా ముఖం చూసి నీళ్ళ గ్లాసు తెచ్చింది. అల్లుడి సంగతి ఆమెకి తెలియదు. ఆమె అనుకున్నది ముసలాడి పరువు సంగతి.

"దీనికంత బాధ పడకండి. ఎవరైనా అలాగే అనుకునేవారు."

"కత్తి మార్చు," అన్నాను. "మిగతా ఎనిమిదీ నేనే కోస్తాను. రంగు నువ్వు పట్టించు. ఎవరికీ చెప్పకు."

ఆ రోజూ మర్నాడూ కోశాను. నా చేతులు వణకలేదు. మూడేళ్ళ కిందట కూడా వణికింది గ్లాసు పట్టుకున్నప్పుడే కాబోలు. కత్తి దగ్గర కాదు. ఎవరూ నిలబెట్టి అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. ఒక్కో దిమ్మ నుంచి రిబ్బనులా పొరలు వచ్చి గోరువెచ్చని నీళ్ళ మీద తేలుతుంటే నా కంటికి ఏమీ తేడా కనబడదు. రంగు పట్టేదాకా అన్నీ ఒకటే. అప్పుడు మాత్రం ఒకటి తర్వాత ఒకటి నున్నగా బయటపడ్డాయి.

తొమ్మిదింట్లో ఏడు అలా ఉన్నాయి. రెండు మాత్రం నిజంగా నలిగినవే. గోధుమ పీలికలు స్పష్టంగా ఉన్నాయి, నా వేళ్ళ పనే. ఆ రెండూ చూసినప్పుడు నాకు కాస్త ఊరట కలిగింది. కలిగినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇరవై నాలుగింట్లో ఏడు. నలభై మందికి లెక్క వేస్తే పదకొండో పన్నెండో. ఆ లెక్క వేయడానికి ఏడో తరగతి ఎక్కువే.

గురువారం పలకల ట్రే పట్టుకుని మేడం గదికి వెళ్ళాను. నా కంటే మూడేళ్ళు చిన్నది. ఈ మాత్ర వెనక ఆవిడ పందొమ్మిదేళ్ళు గడిపింది. మైక్రోస్కోపు దగ్గరికి లాక్కుని తొమ్మిదీ చూసింది. తొందరపడలేదు. ఐదోది చూస్తున్నప్పుడు కుర్చీ చేతి మీద ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. అన్నీ అయ్యాక కళ్ళు తుడుచుకుంది. ఏడుపు కాదు, ఎక్కువసేపు చూస్తే నీళ్ళు వస్తాయి.

"నలిగిందని రాసింది మీరే కదా మేస్త్రీ."

"నేనే."

"సంతకం మీదే. తొమ్మిది సార్లు. ఇప్పుడు వచ్చి నలగలేదంటున్నారు. ఆ రోజు మీ మాట నమ్మాను. ఈ రోజు మాట ఎందుకు నమ్మాలి?"

"నా మాట వద్దు. పలకలు చూశారు కదా."

"మూడేళ్ళ నాటి దిమ్మలు. కొత్త పిల్ల రంగు. కమిటీ ముందు పెడతాను. బుధవారం కూర్చుంటుంది."

"సోమవారం మాత్రలు పంచుతున్నారు."

"రెండు రోజుల్లో ఎవరికీ ఏమీ కాదు."

"రెండు రోజులు మింగినవాళ్ళని మూడో రోజు ఆపుతారా మేడం?"

ఆవిడ మైక్రోస్కోపు దీపం ఆర్పింది.

"మొదటి నలభై మందిలో ఎంతమందికి తిరిగి వచ్చింది?" అని అడిగాను.

"ఇరవై తొమ్మిది."

"మిగతా పదకొండు?"

"ఆలస్యం అని రాసుకున్నాం." కిటికీ వైపు చూసింది. "మీ అల్లుడు అందులో ఉన్నాడని నాకు తెలుసు. అందుకే కఠినంగా మాట్లాడటం లేదు. ఇది ఇంకెవరికి తెలుసు?"

"నాకూ ఆ పిల్లకీ."

"అలాగే ఉండనివ్వండి. బుధవారం దాకా."

ట్రే తీసి సొరుగులో పెట్టింది. తాళం తిప్పింది. తాళంచెవి జేబులో వేసుకుంటూ నన్ను చూసి, "మీరు మంచి పనివారు," అంది. మూడేళ్ళ కిందట ఆ గొంతుతోనే మెచ్చుకుంది. మెట్లు దిగుతుంటే కింద హాల్లో సోమవారానికి కుర్చీలు వరసగా వేస్తున్నారు. ఒక్కో కుర్చీ మీద ఒక నీళ్ళ సీసా పెడుతున్నారు.

ఆ సాయంత్రం అల్లుడికి ఫోన్ చేశాను. రేపు పొద్దున ఎనిమిదికి రా, సీసాలో పట్టుకుని, వెచ్చగా ఉంచి. "మీరు చూస్తారా?" అన్నాడు. చూస్తానన్నాను.

శుక్రవారం ఇంకా ఎవరూ రాకముందు వచ్చాడు. సంచీలో పానాలు, స్క్రూడ్రైవర్లు. సీసా మాత్రం చంకలో.

"వాచ్‌మన్ సంచీ వెతికాడు మామయ్యా. ఇందులో ఏముందన్నాడు. పనిముట్లే అన్నాను. చెయ్యి ఎందుకు కిందికి దించవంటే బెణికిందన్నాను."

నవ్వబోయి ఆపేశాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఒక చుక్క పలక మీద వేసి సన్నని గాజు రేకు కప్పాను. అతను తలుపు దగ్గర నిలబడ్డాడు, నాకు వీపు పెట్టి.

మనుషులవి నేనెప్పుడూ చూడలేదు. చూడగానే తెలిసింది. ఈదుతున్నది ఒక్కటీ లేదు. తోకలు లేవు. అక్కడొకటి ఇక్కడొకటి గుండ్రని కణాలు, నీళ్ళలో వదిలేసినట్టు కదలకుండా ఉన్నాయి. పలక ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండుసార్లు జరిపాను. ఇంకో చుక్క వేశాను. అదీ అంతే.

"అబ్బాయ్."

తిరిగాడు.

"గుండ్రంగా ఉన్నాయి. తోకలు రాకముందే రాలిపోతున్నాయి. మాత్ర ఇంకా మింగుతున్నట్టే ఉంది."

"ఆపి పది నెలలైంది కదా."

"అవును."

ఎలుకల సంగతి అప్పుడు చెప్పాను. తొమ్మిది, ఏడు, రెండు, అన్నీ. అతను నా బల్ల అంచు పట్టుకుని విన్నాడు. లిఫ్టు ఎక్కడ ఆగిపోయిందో చెబుతుంటే వినే ముఖమే అది.

"ఆ ఏడు ఎలుకలకి తర్వాత ఎప్పటికైనా వచ్చిందా?"

"చంపి కోస్తేనే చూడగలం. నాలుగు నెలలకి చంపేశాం. ఆ తర్వాత ఏమయ్యేదో ఎవరికీ తెలియదు."

"ఐదో నెలలో వచ్చేదేమో."

"వచ్చేదేమో."

"రాకపోయేదేమో."

అతను సీసా తీసుకుని సింకు దగ్గర కడిగాడు. సబ్బు వేసి, బ్రష్ పెట్టి, మూడుసార్లు. అవతల పారేసే సీసా అది.

"అప్పుడు నేను అడిగాను మామయ్యా," అన్నాడు కొళాయి కట్టేస్తూ. "మీరే చెప్పండి అని అడిగాను."

"అడిగావు."

"తనకి ఎవరు చెబుతారు?"

"నేనే చెబుతాను."

"సరే. నేను పనికి పోతాను. ఎనిమిదో అంతస్తులో ఎవరో ఇరుక్కున్నారట." సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అరిచి ఉంటే నాకు సులువయ్యేది.

శనివారం పదింటికి వాళ్ళింటికి వెళ్ళాను. అతను లేడు. అమ్మాయి వంటగది బల్ల దగ్గర చొక్కా అంచు పైకెత్తి ఇంజెక్షన్ పొడుచుకుంటోంది. నన్ను చూసి కూర్చోమని కళ్ళతో చెప్పింది. మచ్చ లేని చోటు వెతకడానికి ఆమెకి కొంత సేపు పట్టింది. సూది తీసి దూది అదిమి పట్టుకుంది.

"రాత్రి నుంచి ఆయన మాట్లాడటం లేదు. నువ్వొస్తావని మాత్రం చెప్పాడు. చెప్పు నాన్నా."

చెప్పాను. తలొంచుకుని చెప్పలేదు. ఆమెని చూస్తూనే చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారే ఆపింది.

"ఆగు. నువ్వు చూశావా, చూడలేదా? ఆ తొమ్మిదీ."

"చూశాను."

"చూసి?"

"పారేశాను. నా చెయ్యి తప్పు అనుకున్నాను. నలిగిన ముక్క పైకి పంపకూడదు."

"ఎవరు పంపకూడదన్నారు?"

"పద్ధతి అంతే."

"పద్ధతి," అంది. దూది తీసి చూసుకుని మడిచి చెత్తబుట్టలో వేసింది. "అమ్మ పోయిందని చేతులు వణికాయనుకున్నావు. అందుకు నీ మీద జాలి పడాలా నేను?"

"అక్కర్లేదు."

"పడను కూడా. నాకు టైము ఎంత ఉందో తెలుసు కదా నీకు."

తెలుసు. రెండు నెలలు.

ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి వచ్చింది. ఫోన్ మోగింది. తెర మీద అత్తగారి పేరు. మోగి మోగి ఆగేదాకా ఇద్దరం దాన్నే చూశాం.

"రేపటి నుంచి మళ్ళీ రక్తం మాత్రే వేసుకుంటాను. ఈ పొడుచుకోవడం దేనికింక," అంది. గొంతు మామూలుగానే ఉంది. వాళ్ళమ్మది ఈ గొంతు కాదు. నాది.

తర్వాత గదిలోకి వెళ్ళి కాగితాల కట్ట, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"రాయి. మా అత్తగారికి పంపాలి. రెండేళ్ళుగా నన్నే అంటోంది."

రాశాను. ఫలానా సంస్థలో కణజాలం కోసే పనివాణ్ణి, మూడేళ్ళ కిందట నా వల్ల జరిగిన పొరపాటు వల్ల, అని. ఆమె భుజం మీదుగా చదువుతోంది. వేలు పెట్టి ఆపింది.

"పొరపాటు అని రాయకు."

"ఏం రాయను?"

"చూశాను, పారేశాను అని రాయి. ఆ తర్వాత కళ్ళారా చూశానని చెప్పి అల్లుడి చేత మింగించాను అని రాయి. మింగించింది ఎందుకో కూడా రాయి. అది అబద్ధం కాదు కాబట్టి."

ఆ కాగితం చించి కొత్తది తీసుకున్నాను. ఆమె చెప్పినట్టే రాసి సంతకం పెట్టాను. రెండుసార్లు చదివి మడిచింది.

"సోమవారం ఎంతమంది అన్నావు?"

"రెండు వందలు. బుధవారం దాకా ఎవరికీ చెప్పొద్దంది మేడం."

"వాళ్ళకి పెళ్ళాలున్నారా?"

"ఉంటారు."

కాగితాల కట్ట నా వైపు జరిపింది.

"మొదలుపెట్టు."

"జిరాక్స్ తీయిద్దాం అమ్మా. పక్క వీధిలో..."

"వద్దు. ఒక్కొక్కటీ చేత్తో. ప్రతి ఒక్కళ్ళకీ మొదటి నుంచి చివరి దాకా రాయాలి నువ్వు. ఏడు ఎలుకలు, పదకొండు మంది, మా ఆయన, నేను. ఎవర్నీ వదలకూడదు."

"మీ ఆయన కాదు, నా అల్లుడు," అన్నాను.

"అలాగే రాయి."

రాయడం మొదలుపెట్టాను. పన్నెండింటికి పది అయ్యాయి. ఆమె అన్నం పెట్టలేదు, నేను అడగలేదు. ఒకటిన్నరకి మేడం ఫోన్ చేసింది. తీయలేదు. రెండింటికి మళ్ళీ చేసింది. ఆ తర్వాత కళ్ళజోడు చేసింది. తీశాను. మేడం మన గదికి వచ్చింది మేస్త్రీ గారూ, పక్క అర ఖాళీ చేయిస్తోంది, దిమ్మలు పెట్టెలో సర్దుతున్నారు, నేనేం చెయ్యను అని అడిగింది.

"ఏడూ గుర్తు పట్టగలవా?" అన్నాను.

"పట్టగలను."

"పట్టుకుని వచ్చెయ్. చంకలో పెట్టుకో, వాచ్‌మన్ సంచీ ఒక్కటే చూస్తాడు."

ఫోన్ పెట్టేసి ముప్ఫై ఒకటో కాగితం తీసుకున్నాను. అమ్మాయి ఎదురుగా కూర్చుని, రాసినవి ఒక్కొక్కటీ చదువుతోంది. ఒక దాంట్లో "చూశాను" అన్న మాట ఎగిరిపోయింది. దాన్ని వెనక్కి నెట్టింది. మళ్ళీ రాశాను. సోమవారం ఎనిమిదింటికి హాలు తలుపు తీస్తారు, అప్పటికి కుర్చీకొకటి కావాలి. గంటకి పది దాటడం లేదు. రెండు రాత్రులున్నాయి.